స్పీడోమీటర్ సరిచేస్తే గేర్లు ఎందుకు చెడతాయి?

(టైర్లు, క్రౌన్ పినియన్ మార్చిన తర్వాత ఇంజను, గేర్‌బాక్స్ కంప్యూటర్లను సరిచేయడంపై ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. నేరుగా విషయంలోకి వెళ్దాం.

పెద్ద టైర్లు వేయించుకున్నవాళ్ళు గ్యారేజీలో మొదట అడిగేది ఒకటే: "స్పీడోమీటర్ సరిచేసిస్తారా?" సరిచేసివ్వచ్చు, పావుగంట పని. కానీ కొన్ని బండ్లలో ముల్లు సరైన అంకె మీదికి వచ్చిన రోజునే గేర్లు తప్పు చోట పడడం మొదలవుతుంది. అంతవరకూ బాగా నడిచిన బండి సరిచేశాక ఎందుకు మొరాయిస్తుంది? ఇవాళ చెప్పబోయేది ముఖ్యంగా దీని గురించే.

కంప్యూటర్‌కు టైరు కనబడదు. రోడ్డూ కనబడదు. ఎక్కడో ఒకచోట పళ్ళ చక్రం తిరుగుతుంటే దాని పక్కనున్న సెన్సర్ పళ్ళు లెక్కపెట్టి పంపుతుంది. "ఇన్ని పళ్ళు వెళితే ఒక మైలు" అని ముందే రాసిపెట్టిన అంకెతో ఆ లెక్కను భాగించి వేగం చెబుతుంది. కాబట్టి మొదట తేల్చుకోవాల్సింది, మీ బండిలో ఆ పళ్ళ చక్రం ఎక్కడుంది అన్నది.

పాత పద్ధతిలో అది గేర్‌బాక్స్ వెనక భాగంలో, అవుట్‌పుట్ షాఫ్ట్ మీద ఉంటుంది. 1999 నుంచి 2006 దాకా వచ్చిన షెవర్లే సిల్వరాడోలో 4ఎల్60-ఈ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉంటుంది కదా, దాంట్లో 40 పళ్ళ చక్రం. సెన్సర్ క్రౌన్ పినియన్‌కు (షాఫ్ట్ తిప్పుడును ఆక్సిల్‌లో చక్రాలకు అందించే గేర్ల జతకు) ముందే ఉంది కాబట్టి అటు టైరు మార్చినా, ఇటు పినియన్ మార్చినా లెక్క తప్పుతుంది. కొత్త పద్ధతిలో వేగం చక్రాల దగ్గరి ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసే వ్యవస్థ) సెన్సర్ల నుంచి వస్తుంది. అక్కడ పినియన్ ఎంత మార్చినా స్పీడోమీటర్ కదలదు, టైరు మారితేనే తప్పుతుంది. ఈ తేడా తెలియకుండా "నాకు 4.56 నిష్పత్తి పినియన్ వేశారు, ముల్లు సరిగ్గానే ఉంది, ఇంకేం చేయక్కర్లేదు" అనుకునేవాళ్ళు చాలామంది. వాళ్ళ సంగతి జీప్ దగ్గరకొచ్చినప్పుడు చెప్తాను.

కంప్యూటర్‌కు ఇవ్వాల్సిన అంకెలు రెండు: టైరు దొర్లే చుట్టుకొలత, ఆక్సిల్ నిష్పత్తి (చక్రం ఒక చుట్టు తిరగడానికి షాఫ్ట్ తిరిగే చుట్లు). ఈ రెండూ కచ్చితంగా ఉండాలి.

టైరు మీద రాసిన సైజును గుడ్డిగా నమ్మొద్దు. 285/75ఆర్16 అంటే లెక్క ప్రకారం 285 మిల్లీమీటర్లలో 75 శాతం, అంటే 213.75, దానికి రెట్టింపు 427.5, 16 అంగుళాల రిమ్ము 406.4 కలిపితే 833.9 మిల్లీమీటర్ల వ్యాసం. దీన్ని పై, అంటే 3.14తో గుణిస్తే ఎక్కువ వస్తుంది. బరువు పడ్డాక టైరు కింద నలుగుతుంది కాబట్టి రేడియల్ టైర్లకు 3.05తో గుణించడం వాడుక. 2,543 మిల్లీమీటర్లు వస్తుంది. అలాగని నేల నుంచి ఇరుసు మధ్యకు ఎత్తు కొలిచి, దాన్నే వ్యాసార్థం అనుకుని లెక్కకట్టినా తప్పే. రేడియల్ టైరులోని స్టీలు బెల్టు పొడవు నలగదు, అందుకే అలా వచ్చే అంకె అసలుకంటే తక్కువుంటుంది.

మంచి దారి దొర్లించి కొలవడం. గాలి మీరు రోజూ నడిపే ఒత్తిడిలో పెట్టండి. డ్రైవర్ సీట్లో మనిషి కూర్చోవాలి. టైరు అడుగున, నేల మీద సుద్దముక్కతో ఒకే చోట గీత పెట్టి, స్టీరింగ్ తిప్పకుండా మూడు చుట్లు నెమ్మదిగా దొర్లించి, మళ్ళీ గీత నేలకు వచ్చిన చోట గుర్తు పెట్టండి. టేపుతో కొలిచి మూడుతో భాగించండి. 8.04 మీటర్లు వస్తే 2,680 మిల్లీమీటర్లు. "35 అంగుళాల" టైరు అని కొన్నది ఇలా కొలిస్తే 34.5 అంగుళాల దానిలా తేలడం మామూలే. కంపెనీల అంకెల్లో ఉదారత ఎక్కువ.

ఇక ఆక్సిల్ నిష్పత్తి. 4.10 అంటే క్రౌన్‌కు 41 పళ్ళు, పినియన్‌కు 10. 3.73 అంటే 41కి 11. 4.56 అంటే 41కి 9. 4.88 అంటే 39కి 8. బిల్లు మీద ఉన్న అంకె కాదు, హౌసింగ్ మూత తీసి ఉన్నప్పుడు పళ్ళు లెక్కపెట్టి రాసుకోండి. మూత మూసేసి ఉంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద గీత పెట్టి తిప్పి చూడచ్చు. ఒక చక్రం నేల మీద, ఒకటి గాల్లో ఉంటే, మామూలు డిఫరెన్షియల్‌లో గాల్లో ఉన్న చక్రాన్ని రెండు చుట్లు తిప్పితే క్రౌన్ ఒక చుట్టు తిరిగినట్టు. ఆ రెండు చుట్లలో షాఫ్ట్ నాలుగున్నర కంటే కాస్త ఎక్కువ తిరిగితే 4.56. ఫోర్ వీల్ బండికి ముందుదీ వెనకదీ ఒకే నిష్పత్తి కావాలని వేరే చెప్పక్కర్లేదనుకుంటా. ముందు 4.10, వెనక 4.56 పెట్టి ఫోర్ వీల్ వేస్తే ట్రాన్స్‌ఫర్ కేసో (ముందు, వెనక ఆక్సిల్స్‌కు బలం పంచే పెట్టె), జాయింటో విరిగాక గాని ఆగదు.

ఇప్పుడు సిల్వరాడో లెక్క. అసలు బండికి 245/75ఆర్16 టైర్లు, 3.42 ఆక్సిల్. దానికి 285/75ఆర్16 వేసి, 4.10 పెట్టారనుకుందాం. పాత చుట్టుకొలత 2,360, కొత్తది 2,543. మైలుకు పాత టైరు 682 చుట్లు, కొత్తది 633. దీన్ని ఆక్సిల్‌తో, 40 పళ్ళతో గుణిస్తే, పాత బండి మైలుకు దాదాపు 93,300 పల్సులు (పంటికొకటి) పంపేది, కొత్తది 1,03,800 పంపుతుంది. 11 శాతం పైన ఎక్కువ. ఏమీ సరిచేయకుండా 60 మైళ్ళ వేగంతో వెళితే ముల్లు దాదాపు 67 చూపిస్తుంది. టైరు ముల్లును కిందికి లాగితే పినియన్ పైకి తోసింది, చివరకు పినియన్ గెలిచింది. ఈ రెండూ సరిగ్గా సరిపోయే జత దొరికితే పాత పద్ధతి బండిలో ఏ కంప్యూటర్‌నూ ముట్టుకోకుండానే ముల్లూ గేర్లూ రెండూ సరిగ్గా ఉంటాయి. అలాంటి బండిని అనవసరంగా కెలకొద్దు.

మన ఉదాహరణలో 11 శాతం తేడా ఉంది, సరిచేయాలి. హెచ్‌పీ ట్యూనర్స్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో కంప్యూటర్ చదివి, స్పీడోమీటర్ పేజీలో కొత్త టైరూ 4.10 పెట్టి రాసేశారు. 60 అంటే 60. యజమానికి సంతోషం. ఇంటికి వెళ్ళేలోపే ఫోన్ చేస్తాడు: "గేర్లు ఆలస్యంగా పడుతున్నాయి, ఇంజను అరుస్తోంది."

ఎందుకంటే ఈ గేర్‌బాక్స్‌కు గేరు ఎప్పుడు మార్చాలో చెప్పే పట్టికలు బండి వేగంలో రాసి ఉన్నాయి. యాక్సిలరేటర్ ఇంత నొక్కితే ఇన్ని మైళ్ళ దగ్గర 3 నుంచి 4కి వెళ్ళు అని. అది 42 మైళ్ళు అనుకుందాం. మూడో గేరు నిష్పత్తి 1.00 కాబట్టి పాత బండిలో అప్పుడు ఇంజను 1,630 ఆర్‌పీఎం దగ్గర ఉండేది. ఇప్పుడు అదే 42 మైళ్ళ దగ్గర 1,815 తిరుగుతుంది. సరిచేయకముందు ఏమైందో చూడండి: కంప్యూటర్ వేగాన్ని 11 శాతం ఎక్కువనుకుంది కాబట్టి తొందరగా మార్చింది, అంటే పాత 1,630 దగ్గరే మార్చింది. ముల్లు తప్పు, గేరు ఒప్పు. సరిచేశాక ముల్లు ఒప్పు, గేరు తప్పు. పూర్తిగా నొక్కినప్పుడు ఇంకా ఇబ్బంది. పాత బండిలో 1 నుంచి 2కి 5,600 దగ్గర మారేదైతే, ఇప్పుడు అదే వేగానికి 6,230 తిరగాలి. రివ్ లిమిటర్ (ఇంజను అంతకుమించి తిరగకుండా ఆపే హద్దు) 6,000 దగ్గర ఉంటే, వేగాన్ని మాత్రమే చూసే పట్టిక అయితే, ఇంజను లిమిటర్‌కు కొట్టుకుంటూ మొదటి గేరులోనే ఉండిపోతుంది.

మందు తేలికే. గుణకం ఒకటి కట్టండి: కొత్త చుట్టుకొలతను పాతదాంతో భాగించండి, పాత ఆక్సిల్‌ను కొత్తదాంతో భాగించండి, రెండూ గుణించండి. మన బండికి 1.0775ను 0.834తో గుణిస్తే 0.90. వేగంలో రాసిన ప్రతి గడినీ ఈ 0.90తో గుణించాలి. 42 దగ్గర మారేది 38 దగ్గర మారుతుంది, ఆర్‌పీఎం మళ్ళీ 1,630కి వస్తుంది. ప్రతి గడినీ అంటే ప్రతి గడినీ: పై గేరుకు వెళ్ళేవి, కింది గేరుకు దిగేవి, టార్క్ కన్వర్టర్ లాకప్ (ఇంజనునూ గేర్‌బాక్స్‌నూ జారకుండా నేరుగా కలిపే క్లచ్) పట్టేవి, వదిలేవి, టో హాల్ మోడ్‌కు (ట్రెయిలర్ లాగేటప్పుడు వాడేది) వేరే పట్టికలుంటే అవి కూడా. పైకి వెళ్ళేవి మాత్రం సరిచేసి దిగేవి మరిచిపోతే, రెండు గీతలూ దగ్గరకొచ్చి, చిన్న ఎత్తు మీద మూడు, నాలుగు, మూడు, నాలుగు అని గేరు ఊగుతుంది. పూర్తి థ్రాటిల్ దగ్గర వేగం పట్టికతో పాటు ఆర్‌పీఎం పట్టిక కూడా ఉంటుంది. ఆర్‌పీఎందాన్ని గుణించకండి, ఇంజను మారలేదు కదా. రెండిటి అంకెలూ ఒకదానికొకటి పొసుగుతున్నాయా అని మాత్రం చూడండి.

టైర్లు మాత్రమే పెంచి, 3.42 అలాగే ఉంచినవాళ్ళకు ఇదే కథ తిరగబడుతుంది. ముల్లు సరిచేశాక అదే 42 మైళ్ళ దగ్గర నాలుగో గేరు పడితే, నాలుగో గేరు నిష్పత్తి 0.70 కదా, ఇంజను 1,140కి బదులు 1,060కి పడిపోతుంది. పెద్ద టైరు బరువు, దాని మీద లాకప్ కూడా పడితే బండి వణుకుతుంది. "గేర్‌బాక్స్ పోయింది" అని విప్పేసే వణుకుల్లో కొన్ని ఇవే. అక్కడ గుణకం 1.08, అంటే వేగాలు పెంచాలి. నా మటుకు నేను టైరు ఒక్కటే పెంచిన బండికి లాకప్‌ను గుణకం చెప్పినదానికంటే ఇంకో రెండు మూడు మైళ్ళు పైకి జరుపుతాను. లాకప్ వదులుగా ఉన్నంతసేపూ గేర్‌బాక్స్ ఆయిల్ వేడెక్కుతుంది కాబట్టి అంతకుమించి జరపకండి.

ఇక జీప్. 2018లో వచ్చిన జేఎల్ రాంగ్లర్ రూబికాన్‌కు 285/70ఆర్17 టైర్లు, 4.10 ఆక్సిల్. 35 అంగుళాల టైరు వేస్తే చుట్టుకొలత దాదాపు 7 శాతం పెరుగుతుంది. 65 మైళ్ళు చూపిస్తుంటే అసలు 69 దాటి వెళుతుంటారు. పోయిన బలాన్ని వెనక్కి తెచ్చుకోవాలంటే 4.10ని 1.07తో గుణించండి: 4.39. ఆ నిష్పత్తి దొరకదు, దాని పైది 4.56. ఎక్స్‌ట్రీమ్ రీకాన్ పేరుతో 35 అంగుళాల టైర్లను జీప్ కంపెనీయే వేసి అమ్మినప్పుడు 4.56 పెట్టింది. 70 మైళ్ళ దగ్గర ఎనిమిదో గేరులో పాత బండి 2,035 తిరిగితే, 35తో 4.10 అలాగే ఉంచితే 1,900, 4.56 పెడితే 2,115, 4.88 పెడితే 2,265. హైవే మీదే ఎక్కువ తిరిగేవాళ్ళకు 4.56 చాలు. 4.88 అంటే 37 అంగుళాల టైరు మీద కన్ను ఉన్నవాళ్ళకు.

ఇందులో వేగం చక్రాల సెన్సర్ల నుంచి వస్తుంది. 8 స్పీడ్ గేర్‌బాక్స్‌కు తన షాఫ్ట్ సెన్సర్లు వేరేగా ఉన్నాయి. షాఫ్ట్ వేగాన్ని ఆక్సిల్ నిష్పత్తితో భాగిస్తే చక్రాల వేగం రావాలి. లోపల 4.10 అని రాసి ఉండి, కింద 4.56 తిరుగుతుంటే ఈ రెండు లెక్కలూ 11 శాతం దూరంగా కనబడతాయి. కంప్యూటర్ అది క్లచ్ జారడమో, ట్రాన్స్‌ఫర్ కేసు తప్పు రేంజిలో ఉండడమో అనుకుంటుంది. క్రూజ్ కంట్రోల్ (వేగాన్ని దానంతటదే నిలిపేది) పనిచేయదు, ట్రాక్షన్ దీపాలు వెలుగుతాయి, గేర్లు మొరటుగా పడతాయి. ముల్లు మాత్రం నిక్కచ్చిగా ఉంటుంది. ఇందాక చెప్పిన "ముల్లు బాగుంది కదా" వాళ్ళు ఇక్కడే బోల్తా పడతారు.

2018 నుంచి ఆ కంపెనీ బండ్లలో సెక్యూరిటీ గేట్‌వే ఉంది. స్కానర్ పెడితే చదవనిస్తుంది, రాయనివ్వదు. జేస్కాన్ లాంటి యాప్‌తో రాయాలంటే గేట్‌వేను దాటించే కేబుల్ కావాలి. టేజర్ జేఎల్ మినీ లాంటి పరికరాన్ని బండికి జతచేసి స్టీరింగ్ బటన్లతోనే టైరు, ఆక్సిల్ పెట్టుకోవచ్చు. బండి సర్వీసుకు ఇచ్చేముందు, అమ్మేముందు దాన్ని పద్ధతి ప్రకారం బండి నుంచి విడదీయాలి. ఊరికే పీకేయకూడదు. ఫోర్డ్ ట్రక్కులవాళ్ళకు ఫోర్‌స్కాన్ ఉంది. అందులో టైరు చుట్టుకొలతను మిల్లీమీటర్లలోనే అడుగుతుంది, సుద్దముక్క కొలత అక్కడ బాగా పనికొస్తుంది.

రాసేటప్పుడు జాగ్రత్తలు. మొదట ఉన్నదాన్ని చదివి రెండు చోట్ల దాచుకోండి. బ్యాటరీకి స్థిరంగా 13 వోల్టుల పైన ఇచ్చే మెయింటెయినర్ తగిలించండి. మామూలు చార్జరు వద్దు, దాని కరెంటు ఒడుదొడుకులు కూడా కంప్యూటర్‌ను చంపగలవు. లైట్లు, ఏసీ ఫ్యాను ఆపండి. లాప్‌టాప్ నిద్రపోకుండా చూసుకోండి. చవక బ్లూటూత్ అడాప్టర్లు చదవడానికి సరిపోతాయేమో గానీ, రాయడం సగంలో ఆగితే కంప్యూటర్ పనికిరాని ఇటుకే.

పరీక్ష రోడ్డు మీద. ముల్లును జీపీఎస్‌తో పోల్చకండి. ఐక్యరాజ్యసమితి 39వ నిబంధన ప్రకారం స్పీడోమీటర్ అసలు వేగం కంటే తక్కువ చూపకూడదు, ఎక్కువ చూపచ్చు. అసలు వేగంలో పదో వంతు, దానికి ఇంకో 4 కిలోమీటర్లు కలిపినంత దాకా. ఆ నిబంధన పాటించే దేశాల్లో కంపెనీలు ముల్లును కావాలనే కాస్త పైకి పెడతాయి. స్కానర్‌లో 0డీ అనే పీఐడీ (స్కానర్ అడిగే సమాచారానికి ఉన్న కోడు) తీసి దాన్ని జీపీఎస్‌తో పోల్చండి, అది కంప్యూటర్ మనసులోని వేగం. అదీ పూర్ణాంకాల్లోనే, కిలోమీటర్లలో వస్తుంది కాబట్టి 100 దగ్గర ఒక శాతంలోపు తేడా కనబడదు. అందుకే దూరంతో సరిచూడడం మేలు. హైవే మైలురాళ్ళ లెక్కన పది మైళ్ళు వెళ్ళి ఓడోమీటర్ చూడండి. 9.9 వచ్చిందంటే అంకె ఒక శాతం సవరించాలి.

ఒక్క మాట: క్రౌన్ పినియన్ కొత్తదైతే మొదటి రోజే హైవే పరీక్షకు వెళ్ళొద్దు. మొదట పావుగంట, ఇరవై నిమిషాలు నెమ్మదిగా నడిపి, పూర్తిగా చల్లారనివ్వాలి. ఇలా రెండు మూడు సార్లు. 500 మైళ్ళకు ఆక్సిల్ ఆయిల్ మార్చాలి. అంతవరకూ ట్రెయిలర్ లాగొద్దు.

చట్టం సంగతి. కాలిఫోర్నియాలో 2021 జూలై నుంచి స్మాగ్ (పొగ కాలుష్య) పరీక్షలో ఇంజను కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్ అసలుదేనా అని చూస్తున్నారు. టైరు, ఆక్సిల్ అంకెల్ని బాడీ కంప్యూటర్ సెట్టింగుల్లో మార్చడం వేరు, ఇంజను కంప్యూటర్‌లో కొత్త ట్యూన్ రాయడం వేరు. అక్కడ ఉండేవాళ్ళు రెండోదానికి వెళ్ళేముందు ఆలోచించండి. మన దగ్గర, థార్, జిమ్నీ వాళ్ళ కోసం చెప్తున్నా, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆర్‌సీలో ఉన్న వివరాలకు భిన్నంగా బండి మార్చడాన్ని ఒప్పుకోదు. 2019 జూలై నుంచి తయారైన కార్లలో గంటకు 80 కిలోమీటర్లు దాటితే, 120 దాటితే మోగే హెచ్చరిక కూడా ఈ వేగం లెక్క మీదే ఆధారపడుతుంది. టైరు 7 శాతం పెంచి వదిలేస్తే 120 హెచ్చరిక 128 దాటాక మోగుతుంది.

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: నాది మాన్యువల్ గేర్‌బాక్స్. నాకు ఇవన్నీ అక్కర్లేదు కదండీ?

జవాబు: పట్టికల గొడవ లేదు, కానీ ఆక్సిల్ అంకె కావాలి. ఆర్‌పీఎంను వేగంతో భాగించి మీరు ఏ గేరులో ఉన్నారో ఇంజను కంప్యూటర్ ఊహిస్తుంది. నిష్పత్తి తప్పైతే నాలుగో గేరును మూడో గేరు అనుకోవచ్చు. పై గేరు వేయమని చూపే బాణం తప్పుగా వెలుగుతుంది, క్రూజ్ ఒప్పుకోకపోవచ్చు.

ప్రశ్న: అంకెలు మార్చాక గేర్‌బాక్స్ నేర్చుకున్నదంతా చెరిపేయాలా?

జవాబు: అక్కర్లేదు. అది నేర్చుకునేది ప్రతి క్లచ్‌లోకి ఎంత ఆయిల్, ఎంత ఒత్తిడి పంపాలో. క్లచ్‌లు మారలేదు. చెరిపేస్తే మళ్ళీ నేర్చుకునేదాకా కొన్ని రోజులు కుదుపులు భరించాలి, పైగా ఆ కుదుపులు అంకె తప్పు వల్లా, చెరపడం వల్లా అన్నది మీకే తేలదు. ముందు అంకెలు సరిచేసి నడపండి. పట్టికలన్నీ సరిచూశాక కూడా ఒకే గేరు దగ్గర మొరటుగా ఉంటే అప్పుడు చూద్దాం.

ప్రశ్న: స్టెప్నీ మాత్రం పాత సైజుదే ఉంచుకోవచ్చా?

జవాబు: 7 శాతం చిన్న చక్రం ఒక్కటి వేస్తే ఏబీఎస్ దాన్ని వేగంగా తిరుగుతున్న చక్రం అనుకుంటుంది, దీపాలు వస్తాయి. దీపాలు పోనీయండి, వెనక వేస్తే డిఫరెన్షియల్ తిన్నగా వెళుతున్నంతసేపూ తిరుగుతూనే ఉంటుంది. వెనక లాకర్ (రెండు చక్రాలనూ కలిపి ఒకే వేగంతో తిప్పేది) ఉన్నవాళ్ళు దాన్ని ఆన్ చేయకూడదు, ఫోర్ వీల్ అసలే వేయకూడదు. పంక్చర్ వెనక పడితే ముందు చక్రం ఒకటి తీసి వెనక వేసి, చిన్నది ముందు పెట్టి, టూ వీల్‌లో నెమ్మదిగా దగ్గరి టైరు షాపుకు వెళ్ళండి.